వాలని ఈగలు

కోళ్ళ షెడ్ల వెనక క్వార్టరు

ఈగలమ్మకి,

మీ అన్న నీకు పెట్టిన పేరుతోనే మొదలుపెడుతున్నాను. కోపం వస్తే రానీ. నీకు కోపం రాని పూట నేనింతవరకు చూడలేదు.

ఫోన్ చెయ్యొచ్చుగా, ఈ ఉత్తరాలేమిటి అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నేను నోరు తెరిచేలోపే అటునుంచి ఉపన్యాసం మొదలవుతుంది. ఉత్తరమైతే నా వంతు అయ్యేదాకా నోరు మూసుకుని చదవక తప్పదు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పనికీ పోతున్నాను. చీకటి గదిలో కూర్చుని గుడ్డు గుడ్డుకీ లైటు పట్టి చూసి, లోపల నెత్తురు చుక్క ఉన్నవాటిని పక్కన పెడుతున్నాను. మీ అన్న పోయాడని కోళ్ళు గుడ్లు పెట్టడం మానలేదు.

ఒక్క సంగతి మాత్రం నీకే చెప్పాలి. అది నీ శాఖ. ముందుగదిలో ఈగలు తిరుగుతున్నాయి. కోళ్ళ షెడ్ల వెనక ఉంటూ ఈగల గురించి రాస్తోందేమిటి అని నవ్వకు. ఇవి వేరు. వంటింట్లోకి రావు. పళ్ళెం మీద వాలవు, మనిషి మీద వాలవు, గోడ మీదైనా వాలగా నేను చూడలేదు. సరిగ్గా గది మధ్యలో, వేలాడే బల్బు కింద, నా తల ఎత్తున, అటు కొంచెం పోయి చటుక్కున తిరిగి, ఇటు కొంచెం వచ్చి మళ్ళీ చటుక్కున తిరిగి. చప్పుడుండదు. పొద్దున్న తలుపు తీస్తే ఉంటాయి, సాయంత్రం వస్తే ఉంటాయి. ఒకటి తిరుగుతుంటే ఇంకోటి వచ్చిందా, తరిమేస్తుంది.

మీ అన్న పని నుంచి వచ్చాక స్నానం చేసేదాకా దేనిమీదా కూర్చునేవాడు కాదు, నీకూ తెలుసు. బట్టల నిండా పెంట వాసన అని. గ్లాసుతో నీళ్ళు పట్టుకుని ఆ గది మధ్యలోనే అటూ ఇటూ తిరుగుతూ షెడ్డు కబుర్లన్నీ చెప్పేవాడు. “ఏదీ ముట్టుకోనులే, నీ సామ్రాజ్యం నీకు భద్రం” అనేవాడు.

సరిగ్గా అక్కడే.

నేనేమీ అనడం లేదు. చూసింది రాశాను.

మీ వదిన


కీటకాల విభాగం, రెండో అంతస్తు

వదినా,

నోరు మూసుకునే చదివాను. ఇప్పుడు తెరుస్తున్నాను.

“నేనేమీ అనడం లేదు” అన్నావు చూడు, ఆ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. లోకంలో దెయ్యాల వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. ఎవరూ ఏమీ అనరు. చూసింది చెప్పి ఊరుకుంటారు. మిగతాది వినేవాడి భయం పూర్తి చేస్తుంది. అన్నయ్య జీవితమంతా పంపులు బాగుచేసి బతికాడు. పంపు ఆగితే దణ్ణం పెట్టలేదు, పానా పట్టుకుని విప్పి చూశాడు. అలాంటి మనిషిని పోయాక ఈగని చేస్తావా?

నువ్వు చదువుకోని దానివి కావు. నా వ్యాసాలన్నీ నీకు పంపిస్తూనే ఉన్నాను. (చదవకుండా అలమరలో అడుగున వేస్తావని అన్నయ్య ఎప్పుడో చెప్పేశాడు, అది వేరే సంగతి.)

విను. ఈగ బతికేది రెండు మూడు వారాలు. నువ్వు మొదట చూసిన ఈగ ఇప్పటికి నీ కిటికీ కింద చెత్తలో కలిసి ఉంటుంది. ఆ చెత్తే నాకు కావాలి. ఊడ్చేటప్పుడు చచ్చిన ఈగల్ని పారెయ్యకుండా ఒక అగ్గిపెట్టెలో దూదిలో పెట్టి పంపు. రెక్కలు నలపకు. అదేమిటో, ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎందుకు వాలదో నేను చెబుతాను. చెప్పాక ఆ గదిలో బల్బూ గాలీ తప్ప ఏమీ మిగలదు.

ఈగలమ్మ


కోళ్ళ షెడ్ల వెనక క్వార్టరు

మరదలు పిల్లా,

దెయ్యం అన్న మాట నా ఉత్తరంలో ఎక్కడుంది? వెతికి చూపించు. అన్నది నువ్వు. నీకే ఎందుకు గుర్తొచ్చిందో నువ్వే ఆలోచించుకో.

అగ్గిపెట్టె పంపుతున్నాను. కిటికీ కింద దొరికినవే. ఎగిరేవాటిని పట్టమంటే మాత్రం నావల్ల కాదు.

పక్కింటావిడ, షెడ్లో గుడ్లు ఏరే ఆవిడ, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేది. ఇప్పుడు గుమ్మం దాటదు. మొన్న బయట నిలబడే మాట్లాడింది. “లోపలికి రా, తినేస్తానా” అన్నాను. “నువ్వు తినవులే అక్కా, నాకు ఆ గది మధ్యలోంచి నడవాలంటే కాళ్ళు రావడం లేదు” అంది. “చుట్టూ తిరిగి రా” అన్నాను. “నువ్వూ చుట్టూ తిరిగే పోతున్నావుగా” అంది. నిజమే. ఆవిడ చెప్పేదాకా నేను గమనించలేదు. వంటింట్లోకి పోవాలన్నా గోడ వెంబడి పోతున్నాను.

మేనేజరు కూడా వచ్చాడు, ఓదార్పుకి. అతనూ గుమ్మంలోనే నిలబడ్డాడు. బల్బు కింద చూసి, “ఏంటమ్మా ఇన్ని ఈగలు? మందు కొట్టిస్తానుండు” అన్నాడు. వద్దన్నాను. “నీ ఇష్టం. క్వార్టరు గురించి మాత్రం దిగులు పెట్టుకోకు. నీకు కావలసినన్నాళ్ళు ఉండు. మనమంతా ఒక కుటుంబం” అన్నాడు.

అగ్గిపెట్టె అందగానే రాయి.

మీ వదిన


కీటకాల విభాగం, రెండో అంతస్తు

వదినా,

సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. నా అనుమానం నిజమే. ఇది మామూలు ఇంటి ఈగ కాదు, దాని చిన్న చుట్టం. సన్నగా, బూడిద రంగులో, పొట్ట మీద పసుపు మచ్చలతో ఉంటుంది. మేం చిన్న ఇంటి ఈగ అంటాం. ఇది ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. మంచు కురిసే ఊళ్ళలో ఉంది, సముద్రపు ఒడ్డునా ఉంది. ఒకప్పుడు చెట్ల నీడలో, పక్షి గూళ్ళలో బతికిన పురుగు. మనిషి కోళ్ళ గంపతో ఓడెక్కితే తనూ ఎక్కింది. మనిషి ఇల్లు కడితే తనూ లోపలికి వచ్చింది. గదిలో నీడని అడవి నీడ అనుకుంది. వేలాడే బల్బుని కొమ్మ అనుకుంది.

నీ గదిలో తిరిగేవన్నీ మగవి. ఆడది పెంట దగ్గర ఉంటుంది, గుడ్లు పెట్టే చాకిరీ దానిది. మగాడు మాత్రం కొమ్మ కింద ఖాళీ గాలిలో ఒక జాగా పట్టుకుని ఇది నాది అని పహారా కాస్తాడు. ఆ జాగాలో తిండి లేదు, నీళ్ళు లేవు, ఏమీ లేదు. ఆడది అటు వస్తుందేమోనన్న ఆశ, ఇంకో మగాడు వస్తాడేమోనన్న అనుమానం, అంతే. ఖాళీ గాలికి యజమాని! ఇలాంటి మగాళ్ళ మీద నేను ఇదివరకే రెండు వ్యాసాలు రాశాను, అలమరలో అడుగున ఉంటాయి చూడు.

ఇక్కడితో ఆపేసేదాన్ని. కానీ ఒక సంగతి నాకు మింగుడు పడడం లేదు. ఈ ఈగకి చల్లదనం కావాలి. ఎండలు ముదిరితే తగ్గిపోతుంది. మీ దగ్గర ఎండలు ముదిరాయి, ఇవేమో పెరుగుతున్నాయి. ఇంకోటి. గుడ్డు నుంచి ఈగ కావడానికి దీనికి దాదాపు నెల పడుతుంది, మామూలు ఈగ కంటే బాగా ఎక్కువ. రోజూ తోడే పెంట గుంటలో ఇది పెరగనే పెరగదు. చల్లగా, చీకటిగా, పలచగా, నెలల తరబడి ఎవరూ కదపని పెంట ఎక్కడో ఉండాలి. దాని గుడ్డుకి రెండు పక్కలా తెప్పలాంటి అంచులుంటాయి, పలచటి పెంట మీద మునగకుండా తేలడానికి. అలాంటి గుంట నీ ఇంటికి దగ్గర్లో ఉంది.

మీ షెడ్ల గుంటలన్నీ అన్నయ్యే తోడించేవాడు కదా. ఆయన పోయాక ఏదైనా గుంటని వదిలేశారా?

ఈగలమ్మ


కోళ్ళ షెడ్ల వెనక క్వార్టరు

మరదలు పిల్లా,

నాలుగు చచ్చిన ఈగలు చూసి అంత దూరం నుంచి నా పెరట్లో ఉన్న గుంట కనిపెట్టావు. మీ అన్న ఉంటే ఊరంతా చెప్పుకు తిరిగేవాడు.

ఉంది. చివరి షెడ్డు గుంట. మీ అన్న పోయిన రోజు మూత వేశారు, ఆ తర్వాత తియ్యలేదు. మూత మీద మేత బస్తాలు పేర్చారు. షెడ్డు కడిగిన నీళ్ళని పక్క గుంటకి మళ్ళించారు. మా క్వార్టర్ల తూము ఆ గుంటలోనే కలుస్తుంది.

ఇక నీకు రాయనివి ఉన్నాయి. రాస్తే నువ్వేం చేస్తావో తెలుసు కాబట్టి రాయలేదు. ఇప్పుడు నువ్వు ఎలాగూ గుంట దాకా వచ్చేశావు.

షెడ్డు ముందు ఎండలో నడుస్తూ నడుస్తూ కుప్పకూలాడన్నారు. గుండె అన్నారు. కంపెనీ డాక్టరూ అదే రాశాడు. ఇంటికి తెచ్చినప్పుడు మీ అన్న జుట్టు తడిగా ఉంది. ఎండలో పడిన మనిషి జుట్టు ఎందుకు తడుస్తుంది? ఒంటిమీద చొక్కా ఆయనది కాదు. ఆయన చొక్కాలకి బొత్తాలు కుట్టేది నేను, నా కుట్టు నాకు తెలియదా? ఎవరో శుభ్రంగా కడిగి, తుడిచి, వేరే చొక్కా తొడిగి తెచ్చారు. గోళ్ళ సందులు మాత్రం కడగడం మరిచిపోయారు.

నువ్వు వచ్చేసరికి అవి కూడా కడిగేశాను. నీ కంట పడకూడదని.

పక్కింటావిడని గట్టిగా అడిగితే చెప్పింది. ఇక్కడి పనివాళ్ళకి ఒక లెక్క ఉంది. గుంట మూత తియ్యగానే ఈగలు గుప్పున లేస్తే లోపల గాలి బాగున్నట్టు, దిగొచ్చు. లేవకపోతే ఆగాలి. ఈగ బతికిందంటే మనిషీ బతుకుతాడని. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకి మీ అన్నే నేర్పేవాడు. ఆ రోజు కింద పంపు నోట్లో ఏదో అడ్డుపడింది. మూత తీశారు. ఈగలు బాగా లేచాయట. “చూశారా, మనవాళ్ళు పర్మిషనిచ్చేశారు” అని నవ్వి దిగాడట.

అదీ సంగతి. కోపం నా మీద చూపించకు.

మీ వదిన


కీటకాల విభాగం, రెండో అంతస్తు

వదినా,

నీ ఉత్తరం చదివి బయటికి వెళ్ళి గోడని తన్నాను. కాలు వాచింది. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ లెక్క సంగతి. ఈగలు గుంటలో ఎక్కడ కూర్చుంటాయి? మూత కింద, గోడ పైభాగంలో, సందుల్లోంచి గాలి జొరబడే చోట. విషపు గాలి బరువు, అది అడుగున ఉంటుంది. పైన తెట్టు కట్టి ఉన్నంతసేపు పెంటలోనే అణగి ఉంటుంది, మనిషి కాలు పెట్టి కదిపాడా, ఒక్కసారిగా లేస్తుంది. ఈగలు అబద్ధం చెప్పలేదు. తాము కూర్చున్న చోట గాలి ఉందని చెప్పాయి. మనిషి దిగేది అక్కడికి కాదు. వాసన చూసి చెబుదామన్నా కుదరదు. కొంచెముంటే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముందు చచ్చేది ముక్కే. వాసన పోయింది కదా అనుకుంటూ పోతారు.

ఆ గాలిని కొలిచే యంత్రం ఒకటుంది. అరచేతిలో పడుతుంది. దాని ఖరీదు మీ మేనేజరు కూర్చునే కుర్చీ అంత కూడా ఉండదు. దాన్ని కొనకుండా ఆ పని ఈగల చేత చేయించుకుంది మీ కుటుంబం! కుటుంబమట! కంపెనీల్లో పనివాళ్ళ గుండెలకి ఒక చిత్రమైన అలవాటుంది, గమనించావా? అవి గుంటలో ఆగవు, యంత్రం కింద ఆగవు, బాయిలరు పక్కన ఆగవు. ఎప్పుడూ యజమానికి పూచీ లేని చోటికి నడిచొచ్చి ఆగుతాయి. డాక్టరు సంతకం అక్కడ సిద్ధంగా ఉంటుంది.

కార్మిక శాఖలో ఇన్‌స్పెక్టరున్నాడు. గుంట తెరిపించాలి. ఆ తడి జుట్టు, ఆ చొక్కా, ఆ గోళ్ళు, నాకు రాసినట్టే నువ్వు అతని ముందు చెప్పాలి. నేను అరిస్తే చెల్లెలి దుఃఖం అంటారు. చూసింది నువ్వు. నువ్వు చెబితేనే సాక్ష్యం.

ఎప్పుడు చెబుతావో రాయి.

ఈగలమ్మ


కోళ్ళ షెడ్ల వెనక క్వార్టరు

మరదలు పిల్లా,

చెప్పను.

క్వార్టరు పోతుందనుకుంటున్నావేమో. కొంత అదీ ఉంది, లేదనను. “కావలసినన్నాళ్ళు ఉండు” అన్న మాట వెనక ఏముందో నాకు తెలియక కాదు. కానీ అసలు కారణం అది కాదు.

గుంట తెరిస్తే తోడేస్తారు. తోడేస్తే ఈగలు పోతాయి. ఆ పాఠం చెప్పింది నువ్వే.

అవి మీ అన్న కావని నాకు తెలుసు. మగ ఈగలని, పహారా అని, కొమ్మ అనుకుని తిరుగుతాయని, అంతా చదివాను. మూడుసార్లు చదివాను. బాగా రాశావు. చదివి, ఉత్తరం మడిచి, తలెత్తి చూస్తే అక్కడే తిరుగుతున్నాయి. ఒకటి చచ్చిపోతే ఇంకోటి వచ్చి అదే చోట నిలబడుతోంది. ఇంతమందీ వంతులు వేసుకుని ఆ చోటు ఖాళీ కాకుండా చూస్తున్నారు. మనుషుల్లో ఎవరూ ఆ పని చెయ్యలేదు.

ఇన్నేళ్ళూ ఆయన తిరుగుతూ మాట్లాడితే నేను కూర్చుని విన్నాను. ఇప్పుడు నేను కూర్చుని మాట్లాడుతున్నాను. ఈ పూట ఎన్ని గుడ్లలో నెత్తురు కనబడింది, ట్రేలు మోసే పిల్ల ఎవరితో పోట్లాడింది, అన్నీ. జవాబు రాదని తెలుసు. ఆయన మాత్రం నేను చెప్పేది ఎప్పుడు విన్నాడు కనక.

నీకు న్యాయం కావాలి. తప్పు లేదు. ఆ గదిలో ఏమీ కదలకపోతే సాయంత్రం తాళం తీసి ఎలా లోపలికి వెళ్ళాలో అది కూడా నువ్వే రాయి.

మీ వదిన


కీటకాల విభాగం, రెండో అంతస్తు

వదినా,

అన్నయ్యని చంపిన గుంటలో పుట్టిన పురుగులతో కాపురం చేస్తున్నావు. ఆ గుంటకి కాపలా ఉన్నది బస్తాలు కాదు, నువ్వు. మేనేజరు గుమ్మంలో నిలబడి చల్లగా నవ్వుకుని ఉంటాడు, నీలాంటి భార్య దొరికినందుకు.

నువ్వు చెప్పకపోతే మానెయ్. నేను ఇన్‌స్పెక్టరుకి రాశాను. నీ పేరు ఎత్తలేదు. చివరి షెడ్డు గుంటలో మనిషి చనిపోయాడని, దాన్ని మూసి దాచారని రాశాను. వాళ్ళు వచ్చి తెరుస్తారు. నీ ఈగలకి చెప్పుకో.


కీటకాల విభాగం, రెండో అంతస్తు

వదినా,

ఉత్తరం లేదు. ఫోన్ ఎత్తవు. పోయినసారి రాసింది రాయకుండా ఉండాల్సింది. వాదన మీద వాదన పేర్చుకుంటూ పోతే నాకు అడ్డూ ఆపూ ఉండదని నీకు తెలుసు. ఎదురుగా ఉన్నది మనిషన్న సంగతి చివరి వాక్యం అయ్యాక గుర్తొస్తుంది.

ఒకటి చెబుతాను, నవ్వకు. ఇక్కడ నా బల్ల పక్కన వెలగని దీపం ఒకటి వేలాడుతుంటుంది. నిన్న మధ్యాహ్నం దాని కింద ఒక ఈగ తిరుగుతోంది. అదే జాతి. మగది. అటు పోయి, చటుక్కున తిరిగి, ఇటు. ఇందులో వింతేమీ లేదు, ఇది మనిషున్న ప్రతిచోటా ఉండే పురుగని నీకు రాసింది నేనే. బయట గాలి వీస్తోంది. నేను లేచి వెళ్ళి కిటికీ మూశాను. ఎందుకు మూశావని నన్ను అడగకు. అన్నయ్య పోయినప్పటి నుంచి మూడు వ్యాసాలు రాశాను, ఒక ఫిర్యాదు రాశాను, నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను. పని ఆపి ఒక చోట కూర్చున్నది నిన్నే.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. అన్నయ్య స్థానంలో ఎవరినో పెట్టుకుని ఉంటారు కదా. అతనికి ఆ ఈగల లెక్క ఎవరైనా నేర్పారా? నేర్పి ఉంటే ఆ మనిషిని గుంటలోకి దిగనివ్వకు. మిగతావన్నీ నీ ఇష్టం. ఈ ఒక్కటి మాత్రం నేను వాదించడం లేదు, అడుగుతున్నాను.

ఈగలమ్మ


కోళ్ళ షెడ్ల వెనక క్వార్టరు

మరదలు పిల్లా,

నీ ఉత్తరం అందిన మర్నాడే జరిగింది. వరసగా చెబుతాను.

మీ అన్న స్థానంలో వచ్చిన మెకానిక్కుని అందరూ పొడుగాయన అంటారు. పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు, నా వెనక క్వార్టర్లోనే ఉంటారు. నీ ఫిర్యాదు సంగతి మేనేజరుకి ముందే తెలిసిపోయింది. ఇన్‌స్పెక్టరు రాకముందే గుంట ఖాళీ చేసి సున్నం కొట్టించాలనుకున్నారు. నువ్వు గుంట తెరిపిస్తానన్నావు, వాళ్ళు నీకంటే ముందే తెరిచారు.

నేను చీకటి గదిలో గుడ్లు చూస్తున్నాను. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. “అక్కా, చివరి షెడ్డు దగ్గర బస్తాలు తీసేస్తున్నారు. పంపు తిరగడం లేదు. పొడుగాయన చొక్కా విప్పుతున్నాడు” అంది.

వెలుతురులోకి వస్తే కాసేపు నాకేమీ కనపడదు. ఆవిడ చెయ్యి పట్టుకునే నడిచాను. నేను వెళ్ళేసరికి ఇనపకడ్డీలు పెట్టి మూత ఎత్తుతున్నారు. ఈగలు లేచాయి. నల్లగుడ్డ విదిలించినట్టు లేచి, మా అందరి ముఖాల మీదుగా క్వార్టర్ల వైపు పోయాయి. నేను తలతిప్పి చూశాను కూడా, నా కిటికీ వైపే పోతున్నాయా అని.

సూపర్‌వైజరు అన్నాడు, “బ్రహ్మాండంగా లేచాయి. ఇక దిగు.”

పొడుగాయన నిచ్చెన మీద కాలు పెట్టబోయాడు. నేను వెళ్ళి గుంట అంచున కూర్చున్నాను. కాళ్ళు లోపలికి వేలాడేసి.

“ఏమ్మా, లే, పిచ్చి పట్టిందా?”

“పట్టింది. అతను ఆగుతాడు, ముందు నేను దిగుతాను. ఈగలు లేచాయిగా? మీ లెక్క ప్రకారం గాలి బాగున్నట్టేగా? పంపు విప్పడం నాకు రాదు. ఊపిరి తీసుకోవడం వచ్చు.”

మేనేజరు వచ్చాడు. “అమ్మా, మాట విను. నీకేమైనా అయితే ఎలా?”

“ఏమవుతుంది? గుండె ఆగుతుంది. షెడ్డు ముందు ఎండలో ఆగిందని రాసుకోండి, మీ డాక్టరున్నాడుగా. నా తల కడగడానికి ఒక మనిషిని పెట్టుకోండి. ఈసారి గోళ్ళు కూడా కడగమనండి. చొక్కా ఎవరిదిస్తారో ముందే అడిగి ఉంచుకోండి.”

కింద నుంచి గాలి చల్లగా వస్తోంది. నీకు రాయకుండా ఎందుకు, ఆ కాసేపూ నిజంగానే దిగాలనిపించింది. మీ అన్న ఉన్న చోటేదో అదే కదా అనిపించింది. నువ్వు రాసిన వాక్యం గుర్తొచ్చింది, ఈగలు తాము కూర్చున్న చోటు గురించే చెబుతాయని. ఇన్నాళ్ళూ ఆ గదిలో అవి నాకు చెప్పింది కూడా అంతేగా, తామున్నామని. ఆయన ఉన్నాడని అవి ఎప్పుడూ చెప్పలేదు.

మేత బండి డ్రైవరు ముందుకొచ్చాడు. పెద్దవాడే, మీ అన్న ఈడు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “లే వదినా. ఆ చొక్కా నాది. పైకి లాగిందీ నేనే. ఎవరడిగినా చెబుతాను, లే” అన్నాడు.

పొడుగాయన తన చొక్కా మళ్ళీ తొడుక్కున్నాడు. పానాని మేనేజరు కాళ్ళ దగ్గర పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నువ్వు చెప్పిన అరచేతి యంత్రం తాడు కట్టి లోపలికి వదిలారు. సగం దాకా పోకముందే కీచుమని అరిచింది. మూత చుట్టూ ఈగలు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. డ్రైవరు చెప్పాడు. నేను చెప్పాను. పక్కింటావిడ కూడా చెప్పింది, నేను అడక్కుండానే. తర్వాత పెద్ద ఫ్యాన్లు తెచ్చి గాలి కొట్టి, పై నుంచే గొట్టాలేసి గుంట మొత్తం తోడేశారు. ఎవరూ దిగలేదు.

మీ వదిన


కీటకాల విభాగం, రెండో అంతస్తు

వదినా,

ఇన్‌స్పెక్టరు రిపోర్టు నకలు నాకూ వచ్చింది. గుండె అన్న మాట కొట్టేశారు. కేసు పెడుతున్నారు. మేనేజరు ఇదంతా కింది సూపర్‌వైజరు చేసిన పనంటున్నాడు, యజమాని అసలు తనకు గుంటలున్నాయనే తెలియదంటున్నాడు. గుడ్లు మాత్రం ఆకాశం నుంచి వచ్చి పడుతున్నాయి కాబోలు! ఇది ఇంకా చాలా దూరం నడుస్తుంది, నేను వదలను.

ఇదంతా రాస్తున్నాను గానీ, నువ్వు ఆ అంచున కూర్చున్న చోట నా కళ్ళు ఆగిపోతున్నాయి. నేను ఫిర్యాదు రాశాను. దానివల్ల ఒక మనిషి దాదాపు గుంటలోకి దిగాడు. నీ కాళ్ళు కూడా దాదాపు దిగాయి. దీని మీద నా దగ్గర వాదన లేదు.

క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు. అనకముందే ఇక్కడికి వచ్చెయ్. నా ఇంట్లో రెండో గది నిండా పుస్తకాలున్నాయి, అవి వరండాలోకి పోతాయి.

గుంట తోడారు కాబట్టి కొత్తవి పుట్టవు. ఉన్నవి వాటి వయసు అయ్యేదాకా ఉంటాయి. ఇంకో రెండు మూడు వారాలు. నీకు తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాను, పాఠం చెప్పడానికి కాదు.

ఈగలమ్మ


కోళ్ళ షెడ్ల వెనక క్వార్టరు

మరదలు పిల్లా,

రోజూ తగ్గుతూ వచ్చాయి. తరమడానికి ఇంకోటి లేక చివరి రోజుల్లో ఒక్కటే మిగిలింది. నిదానంగా తిరిగేది. దానికి కబుర్లు చెప్పడం మానేశాను. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఈ పొద్దున్న తలుపు తీశాను. బల్బు కింద ఏమీ లేదు. కిటికీ కింద వెతికాను, అక్కడా లేదు. గది మధ్యలోంచి వంటింట్లోకి నడిచాను, మళ్ళీ వెనక్కి నడిచాను. ఏదీ తగల్లేదు. గది చాలా పెద్దదిగా ఉంది.

మీ అన్న ఇవాళ పోయాడు.

ఆ రోజు వచ్చావు. డాక్టరుతో పోట్లాడావు, మేనేజరుతో పోట్లాడావు, బండి ఆలస్యమైందని బండివాడితో కూడా పోట్లాడి, అలాగే వెళ్ళిపోయావు. నేను గోళ్ళు కడుగుతూ ఉండిపోయాను. ఇద్దరిలో ఒక్కరం కూడా ఏడవలేదు.

నీ ఇంటికి రావడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు రా. సాయంత్రం బండి ఉంది. ఇంట్లో పోట్లాడడానికి ఎవరూ లేరు.

మీ వదిన